బుట్టకి మేత పెట్టని ఆట

ఇటు రా చిట్టీ, ఆ గుమ్మంలో నిలబడి వింటే సగం మాటలు గాలికి పోతాయి. వచ్చి నా మోకాలికి ఆనుకుని కూర్చో. ఆ అట్టపెట్టె కూడా తెచ్చుకో. మూత జాగ్రత్త, ఒక మూల ఊడింది. మూత లోపలివైపు రాతలు చూశావు కదా, తలా ఒక తీరు చేతిరాత. అన్నిటికన్నా కింద ముత్యాల్లాంటి అక్షరాలతో రెండు వరుసలున్నాయే, అవి ఎవరు రాశారని పొద్దున అడిగావు. చెబుతాను. మధ్యలో లేచి వెళ్లావంటే మాత్రం మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాను, నా సంగతి నీకు తెలుసు.

మీ అమ్మ పెళ్లయిన ఏడాది అది. నేను బట్టలు కుట్టే కార్ఖానాలో చేతిపని చేసేదాన్ని. మిషన్ల మీద ఏడుగురు, కత్తిరింపు బల్ల దగ్గర మాస్టారు, ఇస్త్రీ బల్ల దగ్గర బాబాయ్, కుట్లు సరిచూడటానికి చెకింగ్ వదిన, కాజాలకీ గుండీలకీ అంచుకుట్లకీ నేను. అందరూ నన్ను పెద్దమ్మ అనేవాళ్లు. ఇస్త్రీ ఆయన నాకన్నా ఆరేళ్లు చిన్న, అయినా అందరికీ బాబాయే. నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని, ఆయన నన్ను పెద్దమ్మా అనేవాడు. కొత్తగా పనిలో చేరినవాళ్లు మా వరసలు విని బుర్ర గోక్కునేవాళ్లు.

ఈ ఆట తెచ్చింది ఆ బాబాయే. ఎక్కడో ఇలాంటిది చూసొచ్చి, చొక్కా నమూనాలు గీసుకునే అట్టని ముక్కలుగా కోసి, సుద్దతో గీసి, పైన సిరాతో దిద్ది తయారుచేశాడు. మధ్యాహ్నం క్యారియర్లు కడిగేసుకుని, గంట కొట్టేదాకా అందరూ ఇస్త్రీ బల్ల చుట్టూ చేరేవాళ్లు.

ఆట ఎలాగో చెబుతాను, పెట్టె తెరిచి ముక్కలు చూస్తూ విను. మొదట్లో ఇద్దరికీ సమానంగా పదేసి ముక్కలు, ఏడు దారాలు, మూడు పీలికలు. కలిపి బోర్లించి, వంతుకి ఐదేసి తీయాలి. చేతిలో ఎన్ని దారాల విలువ ఉంటే అంత ఖరీదులో బల్ల మధ్య నుంచి ఒక కొత్త ముక్క తీసుకోవచ్చు. ఆ కొత్తదీ, చేతిలో అయిపోయినవీ పక్కన పెట్టుకోవాలి. కట్ట అయిపోగానే పక్కనున్నవన్నీ మళ్లీ కలిపి తీసుకోవాలి. అంటే నువ్వు ఇవాళ తీసుకున్న ముక్క రేపు నీ చేతికే వస్తుంది. మంచివి ఏరుకుంటే కట్ట బలపడుతుంది, చెత్త పోగేసుకుంటే నీరసపడుతుంది. రీలు మూడు దారాల పెట్టు, దానికన్నా పెద్ద ముక్క లేదు. కత్తెర రెండు దారాల పెట్టు, పైగా అది వేసినప్పుడల్లా ఎదుటివాడి మీద ఒక పీలిక పడేయొచ్చు. పీలికకి విలువ లేదు, చేతిలో చోటు తినేస్తుంది. బుట్ట ఉందే, అది పడితే చేతిలోని ఒక ముక్కని అందులో వేసేయాలి. వేసింది ఇక ఆటలోకి రాదు, దాని విలువ లెక్కకీ రాదు. బుట్టని బుట్టలో వేయకూడదు. ఇక చొక్కాలు. తొమ్మిదే ఉంటాయి, ఒక్కోటి ఎనిమిది దారాలు. తీసుకున్న చొక్కా కట్టలో కలవదు, ముందర పరుచుకోవాలి. ఐదు చొక్కాలు ముందు పరిచినవాళ్లది గెలుపు. ఈలోగా గంట కొడితే ఎవరి ముందు ఎక్కువుంటే వాళ్లది.

ఇంకొక ముక్క మిగిలింది. బొంత. చేతిలో బొంత ఉంటే ఒక్కో పీలికకీ రెండు దారాల విలువ వస్తుంది. బాబాయ్ సరదాకి గీశాడు దాన్ని. పీలికలు ఎప్పుడు వదిలించుకుందామా అని చూసేవాళ్లకి బొంతెందుకు? ఆయన గీసిన మూడు బొంతలూ కొత్త పెళ్లికూతుళ్లలా నలగకుండా ఉండిపోయాయి.

మా కార్ఖానాలో ఒక పద్ధతి ఉండేది. యజమాని 'మీలో మీరు తేల్చుకోండి' అని వదిలేసిన తగాదా ఏదైనా ఈ పెట్టె దగ్గరే తేలాలి. ఫ్యాను ఎవరివైపు తిరగాలి, సెలవు ముందు ఎవరికి, అన్నీ ఆటలోనే. గెలిచినవాళ్లు మూత మీద ఒక షరతు రాయించవచ్చు, తర్వాత ఎవరు ఆడినా దానికి కట్టుబడాలి. ఆ రాతలన్నీ అవే.

ఆ ఏడాది మమ్మల్ని పై అంతస్తులోని గదిలోకి మార్చారు. గది పెద్దదే. కిటికీ మాత్రం ఒక్కటి. మిగతా అంతా ట్యూబులైట్లు. కిటికీ ముందు ఒక్క బల్లకే చోటుంది. మాస్టారు తన కత్తిరింపు బల్ల అక్కడ వేయాలన్నాడు. నన్ను వెనక, మెట్ల పక్క గోడ దగ్గర కూర్చోమన్నాడు.

అప్పటికే నా కళ్లు తగ్గాయి చిట్టీ. తెల్ల గుడ్డ అయితే ఎక్కడైనా కుట్టేస్తాను. మాకు ఎక్కువగా వచ్చేవి నల్ల కోట్లు. నల్ల గుడ్డ మీద నల్ల దారంతో కాజా తీయాలంటే ట్యూబులైటు కింద నాకు గుడ్డా కనిపించదు, దారమూ కనిపించదు. ఒక్క రోజు వెనక కూర్చుని చూశాను. పదకొండు కాజాలు వంకరపోయాయి. చెకింగ్ వదిన వాటిని చప్పుడు చేయకుండా విప్పి నా ఒళ్లో పెట్టింది. 'పెద్దమ్మా, ఒక్కరోజంటే దాస్తాను, రోజూ దాచలేను' అంది. కిటికీ పోతే పని పోయినట్టే. పని పోతే ఇంట్లో కూర్చోవాలి. ముప్పై ఏళ్లు సూది పట్టిన చెయ్యి ఊరికే ఎలా కూర్చుంటుంది?

యజమానిని అడిగితే ఎప్పటి మాటే అన్నాడు. మీలో మీరు తేల్చుకోండి.

మాస్టారు నవ్వాడు. ఏడాదిగా ఆయన్ని ఓడించినవాడు లేడు మరి.

"ఓడిపోయి బాధపడటం దేనికి పెద్దమ్మా? ఇప్పుడే వెనక సర్దుకో. నీ కుర్చీకి మెత్త కుట్టించి పెడతాను."

"మెత్త నువ్వే వేసుకో మాస్టారూ. నాకు వెలుగు కావాలి. రేపు మధ్యాహ్నం పెట్టె తెరువు."

అందరూ నోరెళ్లబెట్టారు. ఎందుకంటే నేనెప్పుడూ ఆడలేదు. వాళ్లు ఆడుతుంటే పక్కన కూర్చుని గుండీలు కుట్టుకునేదాన్ని.

"పెద్దమ్మకి ఆట వచ్చా?" అన్నారెవరో.

"చూడ్డం వచ్చు," అన్నాను.

ఏడాదిపాటు నేను చూసింది ఇదీ. మాస్టారు మొదటే బుట్ట తీసుకునేవాడు. తన పీలికలన్నీ అందులో వేసి వదిలించుకునేవాడు. తర్వాత రెండు కత్తెరలు, రెండు రీళ్లు. చిన్న దారాలు కూడా బుట్టలోకే పంపి, కట్టని పిడికెడు చేసేవాడు. పిడికెడు కట్టయితే ప్రతి వంతుకీ ఆ మంచి ముక్కలే తిరిగి తిరిగి చేతికొస్తాయి. పైగా కత్తెరలతో ఎదుటివాడి కట్ట నిండా పీలికలు కుక్కేవాడు. పాపం ఎదుటివాళ్లకి ఒళ్లు మండేది. 'నువ్వు నాకిస్తే నేను నీకివ్వనా' అని వాళ్లూ కత్తెరలు తీసి ఆయన మీద పీలికలు విసిరేవాళ్లు. ఆయన ఆ పీలికని ఎంచక్కా బుట్టలో వేసి చొక్కా తీసుకునేవాడు.

అందరూ చూసింది ఆయన కత్తెరని. నేను చూసింది బుట్టని. దానికి వంతు వంతుకీ ఒక ముక్క మేత కావాలి. ఏడాదిగా ఆ మేత పెడుతున్నది ఎవరు? ఆయన మీద కోపంతో ఊగిపోతున్న మా వాళ్లే!

మర్నాడు కూర్చున్నాం. ఇస్త్రీ బల్ల మీద దుప్పటి ఇంకా వేడిగానే ఉంది. బాబాయ్ పెట్టె తెరిచి ముక్కలు సర్దాడు. మిషన్ల వాళ్లు బల్లలెక్కి మరీ చూస్తున్నారు.

మాస్టారు బుట్ట తీశాడు. నేను బొంత తీశాను.

ఒక్కసారిగా నవ్వులు. "చలేస్తోందా పెద్దమ్మా?" అన్నాడు మాస్టారు.

"ముందు ముందు వేస్తుందేమో, ఎందుకైనా మంచిది," అన్నాను.

ఆయన కత్తెర తీశాడు. నేను రెండో బొంత తీశాను. బాబాయ్ నా చెవి దగ్గర గొణిగాడు. "పెద్దమ్మా, సరదాకి గీసింది అది. నీకు దణ్ణం పెడతాను, కత్తెర తీసుకో."

"నువ్వు గీసిన ముక్క మీద నీకే నమ్మకం లేకపోతే ఎలా బాబాయ్?"

పీలికలు పడటం మొదలైంది. ఒకటి, రెండు, ఐదు. మాస్టారు పడేసే తీరు చూడాలి, వేళ్లతో చిటికేసి మరీ విసిరేవాడు. నేను ఒక్కోటీ తీసి, అంచులు సమంగా సర్ది పక్కన పెట్టుకున్నాను. మూడో బొంత కూడా తీశాను. మధ్యలో ఒక రీలు దొరికితే తీసుకున్నాను. కత్తెర జోలికి పోలేదు.

"దెబ్బకి దెబ్బ తియ్యవేం?" అన్నాడు ఆయన. "నా మీదకి ఒక్క పీలికైనా పంపవా?"

"పంపను."

"పౌరుషం లేదా నీకు?"

"ఉంది కాబట్టే పంపను," అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. పక్కనున్నవాళ్లకీ కాలేదు.

చొక్కాలు కదిలాయి. ఆయన ఒకటి, నేను ఒకటి. నేను బొంతా నాలుగు పీలికలూ పరిచి 'ఎనిమిది' అన్నప్పుడు నవ్వులు ఆగిపోయాయి. ఆయన రెండు, మూడు. నేను రెండు. అప్పటిదాకా ఆయన బుట్ట ఆయన పీలికల్నీ చిన్న దారాల్నీ మేసింది. అవి అయిపోయాయి. ఆయన ఏడు దారాలూ బుట్టలో పడేదాకా నేను లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

ఆ వంతుకి ఆయన చేతిలో ఏముందో ఆయన తిప్పకముందే నాకు తెలుసు. బుట్ట, రెండు కత్తెరలు, రెండు రీళ్లు. మొత్తం కట్ట అంతే. బుట్టలో వేయడానికి పనికిమాలిన ముక్క కోసం చేతిలో వెతుక్కున్నాడు. లేదు. నా నుంచి ఒక్క పీలిక వచ్చి ఉంటే ఉండేది. భుజాలెగరేసి ఒక కత్తెరని బుట్టలో వేశాడు. మిగిలిన కత్తెర రెండు, రీళ్లు ఆరు, వెరసి ఎనిమిది. నాలుగో చొక్కా తీసుకుని నా మీద ఒక పీలిక పడేశాడు.

"ఇంకొక్కటి పెద్దమ్మా. మెత్త ఏ రంగుది కుట్టించను?"

నేను ఆడిన వంతులో ఏమీ రాలేదు. దాంతో నా కట్ట అయిపోయింది. మళ్లీ ఆయన వంతు. నాలుగే ముక్కలు. బుట్ట, కత్తెర, రెండు రీళ్లు. కత్తెరా రీళ్లూ పరిచి, 'ఎనిమిది' అని ఐదో చొక్కా మీద చెయ్యి వేశాడు.

ఆ చెయ్యి మీద నా చెయ్యి వేశాను.

"బుట్ట?"

"ఈసారి బుట్ట వెయ్యట్లేదు."

"వెయ్యాలి."

"నా ముక్క నా ఇష్టం. వేస్తే వేస్తాను, లేకపోతే చేతిలో ఉంచుకుంటాను."

"బాబాయ్, మూత తియ్యి," అన్నాను. "పైనుంచి నాలుగో షరతు. వదినా, నువ్వు చదువు, నేను కూడబలుక్కుని చదివేసరికి గంట కొట్టేస్తారు."

చెకింగ్ వదిన కళ్లజోడు సర్దుకుని చదివింది. "చేతికొచ్చిన ప్రతి ముక్కా వేసి తీరాలి. దాచుకోకూడదు."

"ఎవరు రాయించారు మాస్టారూ?"

నేనే చెప్పాను. "వాన పడ్డ రోజు. రెండో మిషను బెల్టు తెగి పని ఆగిపోయింది. నువ్వూ బాబాయ్ ఆడారు. బాబాయ్ చేతిలో అన్నీ మంచి ముక్కలు, బుట్ట పడింది. పాపం వెయ్యకుండా పట్టుకుని కూర్చున్నాడు. ఇదేం ఆట, దొంగాట అని నువ్వు ఇల్లెగిరిపోయేలా అరిచావు. గెలిచాక ఈ షరతు రాయించావు. నీలం చొక్కా వేసుకున్నావు ఆ రోజు, మోచేతి దగ్గర చిరుగుంది. నేనే రఫ్ఫు చేసి కుట్టాను."

బాబాయ్ ఇస్త్రీపెట్టె వంక చూస్తూ అన్నాడు, "రీలు పోయింది నాది ఆ రోజు. ఇప్పటికీ గుర్తే."

మిషన్ల వైపు నుంచి ఎవరో 'వెయ్యాలి మాస్టారూ' అన్నారు. ఇంకొకరు అందుకున్నారు. ఆయన మొహం ఇస్త్రీ చేయని గుడ్డలా అయిపోయింది. రెండో కత్తెర బుట్టలో పడింది. మిగిలినవి రెండు రీళ్లు. ఆరు. చొక్కా మీద నుంచి చెయ్యి తీశాడు. ఆ ఆరుతో మరో రీలు తీసుకున్నాడు.

ఇప్పుడు నువ్వే ఆలోచించు చిట్టీ. మళ్లీ వంతుకి ఆయన చేతికి మూడు రీళ్లూ బుట్టా వస్తాయి. బుట్ట ఒక రీలు మింగుతుంది. మళ్లీ ఆరే. వంతుకి కొత్తగా వచ్చేది ఒకటి, పోయేది ఒకటి. ఎన్నిసార్లు తిరిగినా ఆరు దాటదు. ఎనిమిది ముఖం చూడడు. కత్తెరలు లేవు కాబట్టి నా మీద పీలిక వేయలేడు. నేనొక్క పీలిక పంపినా బతికిపోయేవాడు. పంపలేదు.

అయినా ఆయన ముందు నాలుగు చొక్కాలున్నాయి, నా ముందు రెండే. గంట కొడితే ఆయనదే. ఆ సంగతి ఆయనకి వెంటనే తట్టింది. ముక్కలు మెల్లగా కలపడం మొదలుపెట్టాడు. చెమట తుడుచుకుంటాడు, దగ్గుతాడు, మంచినీళ్లు తాగుతాడు.

"నాలుగు ముక్కలు కలపడానికి ఇంతసేపా మాస్టారూ?" అన్నాడు బాబాయ్. "నేనీపాటికి నాలుగు ప్యాంట్లు ఇస్త్రీ చేసేద్దును."

నా కట్ట అప్పుడే కలిపాను. ఇరవై ఐదు ముక్కలు. ఏడు దారాలు, ఒక రీలు, మూడు బొంతలు, పద్నాలుగు పీలికలు. ఆ పద్నాలుగులో పదకొండు మాస్టారు పెట్టిన భిక్షే. మొదటి ఐదు తీశాను. బొంత, మూడు పీలికలు, రీలు. తొమ్మిది. మూడో చొక్కా. ఆయన ఆరు. తర్వాత ఐదు, నాలుగు దారాలూ ఒక పీలికా. ఏమీ రాలేదు. ఆయన ఆరు. తర్వాత ఐదు, బొంతా నాలుగు పీలికలూ. నాలుగో చొక్కా. నాలుగూ నాలుగూ సమానం. బల్ల మధ్య ఒక్క చొక్కా మిగిలింది. ఆయన ఆరు. నా తర్వాతి ఐదు తీశాను. మూడు దారాలు, రెండు పీలికలు. ఏమీ రాలేదు.

గోడ గడియారంలో ముల్లు గంట కొట్టే చోటుకి వెంట్రుకవాసి దూరంలో ఉంది. ఆయన మళ్లీ ఆరు అని చెప్పడానికి ఎంతసేపు తీసుకున్నాడో! చెప్పాడు చివరికి.

నా కట్టలో ఐదు ముక్కలు బోర్లించి ఉన్నాయి. నేను వాటిని ముట్టుకోలేదు. పక్కన గుండీల పళ్లెంలో ఉన్న నా సూది తీసి జాకెట్టుకి గుచ్చుకున్నాను.

"బాబాయ్, ఆ చొక్కా ఇటు జరుపు."

"ముక్కలు తిప్పు ముందు!" అన్నాడు మాస్టారు.

"ఏడు దారాలూ వెళ్లిపోయాయి. రీలు వెళ్లిపోయింది. రెండు బొంతలు, పది పీలికలు వెళ్లిపోయాయి. మిగిలింది ఒక బొంత, నాలుగు పీలికలు. నమ్మకపోతే నువ్వే తిప్పుకో."

ఆయనే తిప్పాడు. ఒక్కోటే. పీలిక. పీలిక. బొంత. పీలిక. ఐదోది తిప్పకుండానే లేచి నిలబడ్డాడు. ఐదోది చెకింగ్ వదిన తిప్పింది. అప్పుడు కొట్టారు గంట. ఎవరూ వినలేదు, అంత గోల.

గోల సద్దుమణిగాక షరతు రాయించమన్నారు. నాకు రాత అంతంతమాత్రం. కార్ఖానాలో అందరికన్నా మంచి చేతిరాత మాస్టారిది, కత్తిరించే గుడ్డల మీద కొలతలు ముత్యాల్లా రాసేవాడు. పెన్ను ఆయన చేతికే ఇచ్చాను.

"నేనా?" అన్నాడు.

"నువ్వే. రాయి. కిటికీ ఇక మీదట పందెంలో పెట్టకూడదు. చూపు ఎవరికి తగ్గితే కిటికీ వాళ్లది."

రాశాడు. పళ్లు బిగపట్టే రాశాడు, అక్షరం మాత్రం ఒక్కటీ వంకరపోలేదు. 'పైకి చదువు' అన్నాను. చదివాడు. 'వెనకవాళ్లకి వినిపించలేదు' అన్నాను. మళ్లీ చదివాడు.

ఆ కిటికీ దగ్గర తొమ్మిదేళ్లు కూర్చున్నాను చిట్టీ. మీ అమ్మ పురిటికి నేను పని మానేసిన నెలలో మాస్టారు ఇంటికొచ్చాడు. దళసరి కళ్లజోడు. ఈ పెట్టె చంకలో ఉంది. గుమ్మంలో నిలబడి, "పెద్దమ్మా, సుద్దగీత కనపట్టం లేదు. ఆ షరతు నాకూ వర్తిస్తుందా?" అన్నాడు.

"నీ చేత్తో నువ్వు రాసిందేగా. చదువుకో," అన్నాను. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాను. పెట్టె ఇక్కడే వదిలేసి వెళ్లాడు. కిటికీకి ఇక పందెం లేదు కదా, అన్నాడు.

అదీ ఆ రెండు వరుసల సంగతి. ఇది నువ్వు గుర్తుంచుకుని నీ తర్వాతివాళ్లకి చెప్పాలి. చెప్పేటప్పుడు ముక్కల లెక్క తప్పకూడదు, ఇరవై ఐదు. పీలికలు పద్నాలుగు. వింటున్నవాళ్లలో ఎవరైనా 'ఆ రోజు మీ అమ్మమ్మకి ముక్కలు కలిసొచ్చాయి' అన్నారనుకో, ఒప్పుకోకు. ఈ పెట్టె తెరిచి, వాళ్లని మాస్టారి వైపు కూర్చోబెట్టు. బుట్ట వాళ్లకిచ్చి నువ్వు బొంత తీసుకో. ఇంతకీ పీలికలు ఎన్నన్నాను? ఏదీ, మళ్లీ చెప్పు.